అన్నం తిన్నావా అని పలకరించే దేశం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు ఫోన్ చేసినప్పుడు మా చదువు గురించి రాద్దామనుకున్నాం. కానీ మొన్న వీడియో కాల్‌లో పదో తరగతి చెల్లెళ్ళు అడిగిన ప్రశ్నలు రెండే. "అక్కా, అక్కడ ఏం తింటున్నారు? రాత్రిళ్ళు బయటికి వెళ్తారా?" అడిగినదానికే జవాబు రాస్తున్నాం. స్కాలర్‌షిప్ గురించి, భాష పరీక్ష గురించి కావాలంటే మరోసారి రాస్తాం.

మేము అంటే ఇద్దరం. ఒకరం ఈ హాస్టల్లోనే ఐదు నుంచి పది దాకా చదివాం. ఇంకొకరిది గుంటూరు వైపు పల్లె, ఆమెదీ సాంఘిక సంక్షేమ హాస్టల్ చదువే. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒకే గదిలో ఉంటూ పీజీ చదువుతున్నాం. మా రెండిళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చినవాళ్ళలో మొదటివాళ్ళం మేమే. వచ్చి రెండో సంవత్సరం. మొదటి ఏడాది అంతా భాష నేర్చుకోవడానికే సరిపోయింది.

ఇక్కడ మొదట నేర్చుకున్న మాటల్లో ఒకటి "పప్ మొగొస్సొయో?" అంటే "అన్నం తిన్నారా?" అని. "పప్" అంటే అన్నం. మనలాగే భోజనం మొత్తానికీ అదే మాట వాడతారు. ఇది ఉత్త పలకరింపు మాత్రమే. అది తెలియక మొదట్లో "లేదండీ, ఇంకా వండుకోలేదు" అని వివరంగా చెప్పేవాళ్ళం. పాపం, అడిగినవాళ్ళు ఇబ్బందిపడి బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి ఇచ్చేవారు!

ఈ పలకరింపు వెనుక ఆకలి ఉందని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు సామ్‌సంగ్, హ్యుందాయ్ పేర్లతో మనకు తెలిసిన ఈ దేశంలో 1960ల దాకా ప్రతి ఏడూ ఎండాకాలానికి ముందు పల్లెలు పస్తులుండేవి. పాత బియ్యం అయిపోయేవి, బార్లీ ఇంకా కోతకు వచ్చేది కాదు. ఆ రోజులకు "బొరిత్‌గొగె" అని పేరు. బార్లీ కనుమ అని అర్థం. కనుమ దాటితే బతికినట్టు. 1950–53 యుద్ధం తరువాత అమెరికా సైనిక శిబిరాల నుంచి వచ్చిన డబ్బా మాంసం, సాసేజీలు కిమ్చీతో కలిపి ఉడికించుకుని తిన్నారు. సియోల్ పక్కనున్న ఉయిజొంగ్‌బు పట్టణం ఆ కూరకు ప్రసిద్ధి. దాన్ని "బుదె జిగె" అంటారు, సైనిక శిబిరం పులుసు అని. ఇవాళ అదే పులుసును విద్యార్థులు బల్ల మధ్యలో పొయ్యి పెట్టుకుని, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని సరదాగా తింటారు. పేదరికంలో పుట్టిన వంటను దాచిపెట్టుకోకుండా పేరుతో సహా హోటల్ బోర్డు మీద రాసుకోవడం మాకు నచ్చింది.

పలకరింపు తరువాత అడిగే ప్రశ్న వయసు. ఇది మర్యాద తప్పి అడిగేది కాదు. కొరియన్ భాషలో ప్రతి వాక్యం చివర క్రియ ఎదుటివారి స్థాయిని బట్టి మారుతుంది. మన "నువ్వు, మీరు" లాంటిదే కానీ ఇంకా గట్టిది. ఎవరు పెద్దో తెలియకపోతే నోరు తెరవడమే కష్టం. పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ఆ తరువాత ప్రతి జనవరి ఒకటికీ మరో ఏడు కలిపేవారు. 2023 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టంతో మనలాగే పుట్టినరోజు లెక్కకు మార్చారు. అయినా ముసలివాళ్ళు పాత లెక్కే చెబుతారు.

వయసు తేలగానే వరస కలుస్తుంది. అమ్మాయి తనకన్నా పెద్దామెను "ఒన్నీ" అని పిలుస్తుంది. అక్క అన్నమాట. చదువులో ముందున్నవారు "సొన్‌బె". వాళ్ళకు పెద్దరికంతోపాటు ఖర్చు కూడా ఉంటుంది. చిన్నవాళ్ళతో భోజనానికి వెళితే చాలాసార్లు బిల్లు పెద్దవాళ్ళే కడతారు. తరువాత కాఫీ మనం కొనాలి. ఇప్పుడు కుర్రవాళ్ళలో ఎవరి డబ్బు వాళ్ళు కట్టుకునే అలవాటూ బాగా పెరిగింది. మన హాస్టల్లో పెద్దక్కలు చిన్నపిల్లలకు తలదువ్వి జడలు వేసినట్టే అనిపించి, ఈ వరసలు మాకు త్వరగానే ఒంటబట్టాయి. ఇంటిపేరు మాత్రం ఎవరూ తరిచి అడగలేదు. కిమ్, లీ, పార్క్ అనే మూడు ఇంటిపేర్లవాళ్ళే ఈ దేశంలో సగానికి దగ్గరగా ఉన్నారు. పేరు వింటే ఏ వీధి మనిషో తెలిసే వీలే లేదు. ఇది మాకు ఎంత తేలికగా అనిపించిందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతి, రాత్రి భోజనాలు. ఆఫీసువాళ్ళు గాని, ఒక ల్యాబ్‌వాళ్ళు గాని కలిసి వెళ్ళే భోజనాన్ని "హ్వెసిక్" అంటారు. వచ్చిన నెలలోనే మాకు పిలుపు వచ్చింది. ఆరున్నరకు మొదలైంది. ఇది ఒకచోట తిని ఇంటికి వెళ్ళే పని కాదు. మొదటి విడత మాంసం హోటల్. రెండో విడత బీరు, కోడి వేపుడు దొరికే చోటు. మూడో విడత "నోరెబాంగ్", అంటే గది అద్దెకు తీసుకుని మైకు పట్టి పాడుకునేది. ఒక్కో విడతకూ కొందరు ఇంటికి జారుకుంటారు. మొదటి విడతలో కూర్చుంటే చాలు, తరువాత వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టరని మాకు ఎవరూ చెప్పలేదు. మేము చివరిదాకా ఉండి మర్నాడు క్లాసులో నిద్రపోయాం.

ఆ బల్ల మీద ఆకుపచ్చ సీసాలో ఉండేది సోజు. 360 మిల్లీలీటర్ల సీసా, అందులో సుమారు 16 శాతం ఆల్కహాల్. దాన్ని పోసే పద్ధతి చూడాలి. తన గ్లాసులో తాను పోసుకోరు, పక్కవారు పోయాలి. పెద్దవాళ్ళు పోస్తుంటే రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాలి. తాగేటప్పుడు వాళ్ళకు ఎదురుగా కాకుండా ముఖం పక్కకు తిప్పుకోవాలి. మేము తాగం. మా ఇద్దరి ఇళ్ళలోనూ తాగుడు ఏం చేసిందో చూసి పెరిగినవాళ్ళం, ఆ వాసన వస్తేనే కడుపులో తిప్పుతుంది. తాగకపోతే ల్యాబ్‌లో వెలివేస్తారేమోనని ఆ రోజు సాయంత్రం దాకా భయపడ్డాం. ఎదురుగా కూర్చున్న సొన్‌బె మా ముఖాలు చూసి, సోజు గ్లాసుల్లోనే "సైడా" పోసింది. సైడా అంటే ఇక్కడ నిమ్మసోడా లాంటి కూల్‌డ్రింక్. ఆ గ్లాసును రెండు చేతులా అందుకుని, ముఖం తిప్పుకుని తాగాం. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకు ముఖ్యం మనం ఆ బల్ల దగ్గర కూర్చోవడం, గ్లాసు ఎత్తడం. గ్లాసులో ఏముందన్నది ఇప్పుడు అంతగా పట్టించుకోరు. అన్నిచోట్లా ఇలా ఉండదు. బలవంతంగా తాగించే పైవాళ్ళు ఇంకా ఉన్నారు. 2019 జూలై నుంచి ఉద్యోగస్థలాల్లో వేధింపులను నిషేధించే చట్టం ఉంది, ఇష్టంలేనివాళ్ళకు తాగించడం కూడా ఆ కిందికే వస్తుంది. "తాగను" అని చెప్పడానికి కొరియన్ వాక్యం ముందుగా నేర్చుకుని రండి: "సుల్ మొన్ మషొయో."

ఇక మాంసం. ఎక్కువగా తినేది "సమ్‌గ్యొప్సల్", పంది పొట్టభాగం. మూడు పొరల మాంసం అని అర్థం. బల్ల మధ్యలోనే నిప్పు ఉంటుంది. పెద్ద ముక్కలు దాని మీద కాల్చి కత్తెరతో కత్తిరిస్తారు. అవును, కత్తెరే! లెట్యూస్ ఆకులో ముక్క, వెల్లుల్లి రెబ్బ, సోయా ముద్ద పెట్టి, ఉండలా చుట్టి, ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. కొరికి తినకూడదు. చనువున్నవాళ్ళు తాము చుట్టి మన నోటికి అందిస్తారు, అమ్మ ముద్దలు పెట్టినట్టు. ఒకరికి సరిపడా మాంసం సియోల్‌లో సుమారు 1,000 నుంచి 1,200 రూపాయలు. చాలా హోటళ్ళలో కనీసం ఇద్దరికి సరిపడా తీసుకోవాలి, ఒంటరిగా వెళితే ఇవ్వరు.

మాంసం గురించి రాస్తూ ఒక విషయం దాటిపోలేం. ఒకసారి హ్వెసిక్‌కు వెళ్ళిన హోటల్ బోర్డు మీద "పెక్‌జొంగ్" అని ఉంది. అప్పుడప్పుడే చదవడం వచ్చిన ఉత్సాహంలో దానికి అర్థం ఏమిటని అడిగాం. పక్కనున్న ఒన్నీది జింజు అనే ఊరు. కాసేపు ఆలోచించి, "పూర్వం పశువులను కోసేవాళ్ళు" అంది. మేము వదలకుండా అడిగితే మెల్లగా చెప్పింది. కొరియాలో రాజుల కాలంలో పెక్‌జొంగ్ అనేవాళ్ళు అంటరానివాళ్ళు. పశువులను కోయడం, తోళ్ళ పని, బుట్టలల్లడం వాళ్ళ వృత్తులు, పుట్టుకతో వచ్చేవి. ఊరికి విడిగా ఉండాలి. పెంకుటిల్లు కట్టుకోకూడదు, పట్టుబట్ట వేసుకోకూడదు. మిగతావాళ్ళ చిన్నపిల్లలతో కూడా మన్నించి మాట్లాడాలి. 1894లో చట్టం ఆ కులభేదాన్ని రద్దు చేసింది. అయినా తరువాత వచ్చిన కుటుంబ రిజిస్టర్లలో వాళ్ళ పేర్ల పక్కన ఎర్రచుక్క పెట్టేవారు. బడిలో పిల్లలను చేర్చుకునేవారు కాదు. చివరకు 1923 ఏప్రిల్‌లో జింజులోనే "హ్యొంగ్‌ప్యొంగ్‌సా" అనే సంఘం పెట్టి సమానత్వం కోసం పోరాడారు. హ్యొంగ్‌ప్యొంగ్ అంటే త్రాసు సమంగా నిలవడం. మాంసం తూచిన చేతులు పెట్టుకున్న పేరు! అంతకు ఏడాది ముందు, 1922లో, జపాన్‌లోని అంటరానివారు ఇలాంటి సంఘమే పెట్టుకున్నారు. నాలుగేళ్ళ తరువాత, 1927లో, బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్ చెరువు నీళ్ళు ముట్టారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బల్ల చుట్టూ ఉన్న పదిమందీ ఆ పేరున్న హోటల్లో నవ్వుతూ మాంసం తింటున్నారు. యుద్ధం ఊళ్ళను చెదరగొట్టిందని, జనం నగరాలకు వలసపోయారని, ఎవరు ఎవరి వంశమో తెలియకుండా పోయిందని ఒన్నీ చెప్పింది. "ఇప్పుడు మా తాతలు పెక్‌జొంగ్ అని చెప్పుకునేవాళ్ళు నీకు తెలుసా?" అని అడిగాం. ఆలోచించి "ఒక్కరూ లేరు" అంది. లేకపోవడమా, చెప్పుకోకపోవడమా అన్నది ఆమెకూ తెలియదు. మాకు సంతోషం కలిగింది, మనసులో ఎక్కడో ముల్లు కూడా గుచ్చుకుంది.

మా సంగతి ఆ రాత్రి చెప్పలేదు. రెండు నెలలు పట్టింది. మా ఇళ్ళలో పెద్దకూర వండితే కిటికీలు మూసేవాళ్ళం. హాస్టల్ నుంచి సెలవులకు వెళ్ళి తిని వచ్చినా, కాలేజీలో "ఆదివారం ఏం తిన్నారు?" అంటే "కోడికూర" అని అబద్ధం చెప్పేవాళ్ళం. ఇక్కడ గొడ్డుమాంసం అంటే చుట్టాలు వస్తే పెట్టే ఖరీదైన వంట. "హన్‌వూ" అనే దేశవాళీ పశువు మాంసం మా స్కాలర్‌షిప్పుకు అందదు. ఇవన్నీ ఒన్నీకి చెప్పాక ఆమె ఏమీ అనలేదు. వసంతం సెలవుల్లో వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది, బస్సులో మూడున్నర గంటలకు పైగా ప్రయాణం. 1996లో కట్టిన ఆ ఉద్యమ స్మారక స్తంభం చూపించింది. వాళ్ళమ్మగారు జింజు బిబింబప్ పెట్టారు. అన్నం మీద కూరలు, పచ్చి గొడ్డుమాంసం సన్నగా తరిగి వేస్తారు. పచ్చిది మేము తినలేమని చూసి వేరే గిన్నెలో వేయించి ఇచ్చారు.

రోజూ ఇలాంటి భోజనాలు ఉండవు. మామూలు రోజుల్లో విశ్వవిద్యాలయం క్యాంటీన్. 2017 నుంచి ప్రభుత్వం "వెయ్యి వొన్‌ల ఉదయం భోజనం" అనే పథకం నడుపుతోంది. వెయ్యి వొన్‌లు అంటే సుమారు 60 రూపాయలు. మిగతా ఖర్చు ప్రభుత్వం, కాలేజీ భరిస్తాయి. అందులో పేదలకు వేరే వరస లేదు, అందరికీ ఒకటే. అన్నం బంకలా ఉంటుంది, కూరతో కలవదు కానీ పెరుగన్నానికి బాగుంటుంది. కిమ్చి మన ఊరగాయకు చుట్టమే, కాకపోతే పులిసింది. చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి దాన్ని పెట్టుకునే ఆచారాన్ని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మనం ఆవకాయ పెట్టే రోజులు గుర్తొచ్చాయి. గుంటూరు ఆమె మాత్రం "ఇదేం కారం?" అని తీసిపారేసింది. మాంసం తిననివాళ్ళకు ఒక హెచ్చరిక: కిమ్చీలో తరచుగా చేపల సాసో, ఉప్పు రొయ్యలో కలుస్తాయి. పులుసుల్లో ఎండు చేపల రసం ఉంటుంది. అడిగి తినండి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి, చనిపోయినవారికి పెట్టే అన్నంలో చెంచాను అలా గుచ్చుతారు.

రెండో ప్రశ్న: రాత్రిళ్ళు బయటికి వెళ్తారా? వెళ్తాం. మన హాస్టల్ గేటు ఆరు దాటితే మూసేసేవారు కదా. ఈ దేశానికే ఒకప్పుడు అలాంటి గేటు ఉండేది. 1945 నుంచి 1982 జనవరి దాకా రాత్రి కర్ఫ్యూ, అందులో చాలాకాలం అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా. ఇప్పుడు సియోల్‌లో ఆ వేళకే హోటళ్ళు కిటకిటలాడుతుంటాయి. మెట్రో అర్ధరాత్రికి ఆగిపోతుంది. 2013 నుంచి గుడ్లగూబ బొమ్మ ఉన్న రాత్రి బస్సులు తిరుగుతున్నాయి. వీధివీధినా ఇరవై నాలుగు గంటల దుకాణాలున్నాయి, దేశం మొత్తం మీద యాభై వేలకు పైనే. హాన్ నది ఒడ్డున ఉన్న దుకాణాల్లో రామ్యొన్ కొంటే అక్కడి యంత్రమే వేడివేడిగా ఉడికించి ఇస్తుంది. గడ్డి మీద చాప పరిచి కూర్చుని తింటాం. మా విందు ఎక్కువగా అదే, ఇద్దరికీ కలిపి మూడు నాలుగు వందల రూపాయలు. నాణెం వేసి పాడుకునే చిన్న నోరెబాంగ్‌లకూ వెళ్తాం. యంత్రంలో తెలుగు పాటలు లేవు, ఫోన్లో పెట్టుకుని పాడతాం.

రాత్రి ఒంటిగంటకు ఇద్దరమే నడుచుకుంటూ గదికి వచ్చిన మొదటి రోజు మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకోలేదు. ఎవరూ వెంట రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మలకు ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు, ఈ సంచిక వాళ్ళకు ఎవరూ చదివి వినిపించకండి! అయితే ఇక్కడ ఆడవాళ్ళకు భయం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. మరుగుదొడ్లలో రహస్య కెమెరాలు పెట్టే నేరాల మీద 2018లో వేలాదిమంది ఆడవాళ్ళు సియోల్ వీధుల్లోకి వచ్చారు. పోలీసు నంబరు 112, అంబులెన్సు 119. ఫోన్లో దిగగానే ఎక్కించుకోండి. గుంపులను కూడా తేలికగా తీసుకోకండి. విదేశీయులు ఎక్కువగా వెళ్ళే ఇటేవాన్‌లో 2022 అక్టోబరు 29 రాత్రి ఇరుకు సందులో తొక్కిసలాట జరిగి 159 మంది చనిపోయారు. వాళ్ళలో 26 మంది మనలా బయటి దేశాలవాళ్ళు. ఆ సందు మీదుగా వెళ్ళినప్పుడల్లా మా మాటలు ఆగిపోతాయి.

మూసిన తలుపులూ ఉన్నాయి. 2017లో ఇటేవాన్‌లో ఒక భారతీయ విద్యార్థిని దేశం పేరు చెప్పి బార్‌లోకి రానివ్వలేదని పత్రికల్లో వచ్చింది. మాకూ ఒక క్లబ్బు దగ్గర "ఇవాళ కొరియన్లకే" అన్నారు. ఒన్నీ వాళ్ళతో పోట్లాడింది, మేమే ఆమెను లాక్కొచ్చాం. మనకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇక్కడ అన్ని రకాల వివక్షనూ నిషేధించే చట్టం కోసం 2007 నుంచి బిల్లులు పెడుతూనే ఉన్నారు, ఏదీ చట్టం కాలేదు.

ఇంటిపేరు ప్రశ్న మమ్మల్ని పూర్తిగా వదిలిపోయిందని కూడా అనుకోకండి. ఒక పండుగకు మనవాళ్ళ భోజనాలకు పిలిస్తే, నెలల తరువాత పప్పు, చారు తినొచ్చని సంబరంగా వెళ్ళాం. ఒకావిడ వడ్డిస్తూ "మీ ఇంటిపేరేమిటమ్మా? ఆ ఊళ్ళో ఎక్కడ?" అంది. గరిటె చేతిలోనే ఉంది. గుంటూరు ఆమె ఊరు, పేట, అన్నీ చెప్పేసి, "ఇంకొంచెం చారు పోయండి ఆంటీ" అంది. ఆవిడ పోసింది. తరువాత పిలుపు రాలేదు.

ఈ ఆదివారం జింజు ఒన్నీ మా గదికి భోజనానికి వస్తోంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చే గొడ్డుమాంసం ఇక్కడ చౌక, కిలో తెచ్చాం. ఒకరేమో పెద్దకూరలో గోంగూర పచ్చడి కలిపి వండుదామంటోంది, ఇంకొకరేమో ఆ సీసా సంక్రాంతి దాకా రావాలంటోంది. ఇంకా తేలలేదు. కిటికీలు మాత్రం తెరిచే వండుతాం, ఎందుకంటే ఈ గదిలో పొగ పోయే దారి వేరే లేదు.